నాలుగు నిమిషాలకోసారి

శనివారం నిండా ఛార్జి పెట్టిన బ్యాటరీ
గురువారానికి సగం కిందికి దిగిపోయింది.
పడవ కదల్లేదు. కట్టిన తాడు కట్టినట్టే ఉంది.
సెలవులకి బళ్ళు మూసేశారు,
శ్రుతి చెయ్యమని పిలిచేవాళ్ళు లేక
వీట్స్కె వారమంతా ఇంట్లోనే ఉంది.

"టిబ్బె, నా పడవని రాత్రిళ్ళు ఎవరో తాగేస్తున్నారు"
అంది, నా గడప మీద గొడుగు దులుపుతూ.

ఆమె పియానోల మనిషి.
ఫ్రీస్లాండ్ కాలవల మీద, పచ్చరంగు వెలిసిన ఆ పడవలో
చప్పుడు లేకుండా ఊళ్ళు తిరుగుతుంది.
ఇంజను మోతకి చెవి పాడవుతుందని
అప్పు చేసి మరీ ఎలక్ట్రిక్‌ది కొనుక్కుంది.
నేను ముప్పై రెండేళ్ళు వంతెన ఎత్తి దించినవాణ్ణి.
మీట నొక్కిన పాపానికి
కరెంటు సంగతులన్నీ నాకే తెలుసని ఊరి నమ్మకం.

మైనస్ తీగ ఊడదీసి మధ్యలో మీటరు పెట్టాను.
ఆంపియరులో వందో వంతు. గడియారానికి సరిపోయేంత.
అయినా ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను.
దీపం. హారను. ఫోను పెట్టుకునే సాకెట్టు.
అంకె ఉలకలేదు, పలకలేదు.
బ్యాటరీనే ముసలిదేమో అనుకుని
విడిగా తీసి నా వంటింట్లో మూడు రోజులు ఉంచాను.
పన్నెండు పాయింట్ ఏడు. మూడో రోజూ అంతే.
నా వంటింట్లో బుద్ధిమంతురాలు,
పడవెక్కితే కారిపోతుంది.

ఆ మూడు రోజులూ పడవ అడుగున ఏం జరిగిందో
చూడాలని ఇద్దరికీ తోచలేదు.
చెక్క కింద చెయ్యి పెడితే మణికట్టు దాకా నీళ్ళు.
వాన అన్నాను నేను.
ఆమె ఏమీ అనలేదు.

బ్యాటరీ మళ్ళీ బిగించి, ఆ రాత్రి
ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఇద్దరం పడవలో కూర్చున్నాం.
పగలంతా వీచిన గాలి పదింటికి పడిపోయింది.
బాతులు కూడా నోరు మూసుకున్నాయి.
మాట్లాడబోతే వేలు ఎత్తింది.
"అదుగో."
నాకేం వినపడలేదు.
"వెనక. మంద్రంలో. అరస్వరం తగ్గి మూలుగుతోంది."
కాసేపటికి ఆగిపోయిందంది. నేను గడియారం చూశాను.
నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ వేలు ఎత్తింది.

టార్చి వేసుకుని పలకలు లేపాను.
బిల్జి పంపు. అర చెయ్యంత.
దాని రెండు తీగలూ ఫ్యూజు పెట్టె మొహం చూడకుండా,
స్విచ్చి దగ్గరికి పోకుండా,
నల్ల టేపు చాటున తిన్నగా బ్యాటరీ మీదికే పాకాయి.
నా మీటరు రాజబాటలో నిలబడి లెక్క రాసుకుంటుంటే
వీళ్ళది పెరటి దారి.

తాగుతున్నది పంపు. పంపుని తాగిస్తున్నది
వెనక మోటారు తీగ బయటికి పోయే బెజ్జం.
రబ్బరు పగిలి, అన్నం వార్చినట్టు సన్నటి ధార.

అమ్మినాయన హార్లింగెన్‌లో రొట్టెలు కాల్చేవాడు.
"వయసైంది, మోకాళ్ళు" అన్నాడట.
కన్నం సంగతి ఆయనకి తెలుసు.
తెలుసు కనుకే ఎవరూ పొరపాటున ఆపలేని చోట
పంపుని కట్టాడు.
మోసమనాలో, మేలనాలో.
వీట్స్కె రెండు తిట్లు తిట్టి,
మూడోది మధ్యలో ఆపేసింది.

"టేపు మాత్రం బాగా చుట్టాడు" అంది చివరికి.

క్రేను సోమవారం గాని రాదు.
అందాకా తీగ కత్తిరించడానికి లేదు,
రోజూ ఛార్జి పెడుతూ ఉండటమే,
చంటిదానికి పాలు పట్టినట్టు.
వెళ్ళబోతూ ఆమె సంచీలోంచి పుస్తకం తీసింది,
ఏ ఇంటి పియానోలో ఏ తీగ జారిందో రాసుకునేది.
బడి పియానోకీ డాక్టరుగారి పియానోకీ నడుమ
పడవకో వరస రాసుకుంది:
అరస్వరం తక్కువ. నాలుగు నిమిషాలకోసారి.

ఇంటికొచ్చి పడుకున్నాను.
వినపడదని తెలిసీ, చాలాసేపు
నాలుగేసి నిమిషాలు లెక్కపెట్టాను.